ఏ పక్క కిటికీ?

కొన్నేళ్ళ క్రితం ఢిల్లీ నుంచి కాఠ్మండూ వెళ్ళే ఉదయపు విమానంలో, పెద్దగా ఆలోచించకుండా నొక్కిన సీటు ఎడమవైపు కిటికీ పక్కన వచ్చింది. బయలుదేరిన ముప్పావు గంటకు, దూరాన మబ్బుల బారు అనుకుని వదిలేసినది ఎంతసేపటికీ ఆకారం మార్చుకోకపోవడంతో అనుమానం వచ్చి కళ్ళు చికిలించి చూస్తే, అవి మబ్బులు కావు, మంచుకొండలు. ధవళగిరి, అన్నపూర్ణ, మనాస్లు, మూడూ ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలే, దాదాపు నా కంటి ఎత్తులో ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా వెనక్కి జరిగాయి. వారం తర్వాత తిరుగు ప్రయాణానికి ఆ అదృష్టమే మళ్ళీ కలిసి రావాలని, పట్టుబట్టి అదే సీటు, 8ఎ, తీసుకున్నాను. వెళ్ళేటప్పుడు తూర్పుకు సాగిన విమానం వచ్చేటప్పుడు పడమరకు సాగుతుందనీ, ఉత్తరాన ఉన్న కొండలు అప్పుడు కుడిచేతి వైపుకు మారిపోతాయనీ బడికి వెళ్ళే పిల్లలకు కూడా తట్టే సంగతి నాకు తట్టలేదు. గంటన్నరసేపు గంగా మైదానం మీది బూడిదరంగు పొగమంచు నా వాటాకు వచ్చింది. నడవ అవతల కూర్చున్నవాళ్ళు ఫోన్లు అద్దానికి ఆనించి వరుసగా ఫొటోలు తీసుకుంటుంటే, వాళ్ళ భుజాల సందుల్లోంచి తెల్లగా ఏదో మెరవడం మాత్రం చూశాను.

కిటికీ సీటు అనగానే చాలామంది ముందు వరుసా వెనుక వరుసా అని ఆలోచిస్తారు, లేదా రెక్క అడ్డు వస్తుందా రాదా అని చూసుకుంటారు. ఆ రోజు నుంచి నా లెక్కలో మొదటి ప్రశ్న మారిపోయింది. వరుస తప్పుగా ఎంచుకుంటే దృశ్యంలో కొంత భాగం పోతుంది. పక్క తప్పుగా ఎంచుకుంటే దృశ్యమే పోతుంది. పక్కను మాత్రం ఇంట్లో కూర్చుని, ఒక కాగితం ముక్క మీద బాణం గుర్తు గీసి, అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. బాణం మొన విమానం వెళ్ళే దిక్కు. చూడాలనుకున్న కొండో నగరమో తీరమో ఆ బాణానికి ఏ పక్కన ఉందో ఒక చుక్క పెట్టాలి, ఆ సమయానికి సూర్యుడు ఏ పక్కన ఉంటాడో ఇంకో చుక్క పెట్టాలి. ఈ రెండు చుక్కలూ ఎదురెదురు పక్కల పడ్డాయంటే అంతకంటే మంచి ప్రయాణం ఉండదు. సీటు అక్షరాల విషయంలో తికమక పడనక్కర లేదు: విమానం ముక్కువైపు ముఖం పెట్టి కూర్చుంటే ఎ అనేది దాదాపు అన్ని విమానాల్లోనూ ఎడమ కిటికీయే. కుడి కిటికీ అక్షరం మాత్రం విమానం వెడల్పును బట్టి మారుతుంది. ఒకే నడవ ఉండి అటు మూడు, ఇటు మూడు సీట్లున్న విమానంలో అది ఎఫ్, రెండు నడవలున్న పెద్ద విమానంలో చాలావరకు కె లేదా జె. ఒకటి అంకెతో పొరబడకుండా ఉండేందుకు ఐ అక్షరాన్ని సాధారణంగా వాడరు.

సూర్యుడి చుక్క ఎందుకు పెట్టాలో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ నిర్లక్ష్యం చేసేది దాన్నే. ఎండ పడే పక్క కూర్చుంటే మొదటి అయిదు నిమిషాలు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత గాలిలోని దుమ్మూ తేమా సూర్యుడి వెలుగును నేరుగా మన కళ్ళలోకి చిమ్ముతూ నేలంతటినీ ఒక తెల్లటి పరదా వెనక్కి నెట్టేస్తాయి. దానికి తోడు కిటికీ లోపలి పొర మీద అంతవరకు కనిపించని గీతలన్నీ వెలిగిపోతాయి. నీడ పక్క కూర్చున్నవారికి సూర్యుడు వీపు వెనుక ఉంటాడు కాబట్టి నేల మీది రంగులు చిక్కగా, అంచులు తేటగా కనిపిస్తాయి. ఉదయం ఉత్తరానికి వెళ్ళే విమానంలో సూర్యుడు కుడివైపు ఉంటాడు, కనుక ఎడమ కిటికీ మేలు. అదే దారిలో సాయంత్రం వెళ్తే కుడి కిటికీ మేలు. మధ్యాహ్నం వేళ, కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ప్రాంతాల్లో సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి, తూర్పుకు పోయేవారు ఎడమ పక్క, పడమరకు పోయేవారు కుడి పక్క తీసుకోవాలి. మకర రేఖకు దక్షిణాన ఇదంతా తలకిందులు. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఈ రెండు రేఖల నడుమ ఏడాదిలో చాలా రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కనుక అప్పుడు ఏ పక్క కూర్చున్నా పెద్ద తేడా ఉండదు. నీడలు లేకపోవడం వల్ల కొండలు కూడా చదునుగా, ఇస్త్రీ చేసినట్టు కనిపిస్తాయి.

హిమాలయాలకు దక్షిణంగా పోయే దారులన్నీ ఈ లెక్కలో అదృష్టవంతమైనవి. కొండలు ఉత్తరాన, సూర్యుడు పగలంతా చాలావరకు దక్షిణాన. అంటే వెళ్ళేటప్పుడైనా వచ్చేటప్పుడైనా కొండలుండే పక్కే నీడ పక్క అవుతుంది. మంచు మీద ఎదురుగా వెలుగు పడి శిఖరాలు కోసినట్టు కనిపించడానికి కారణం అదే. కాఠ్మండూ నుంచి భూటాన్‌లోని పారోకు తూర్పుగా వెళ్ళే విమానంలో ఎడమ కిటికీ దొరికితే, ఆకాశం తేటగా ఉన్న రోజున ఎవరెస్టు, లోత్సే, మకాలు, కాంచనజంగ నాలుగూ కనిపిస్తాయి. ప్రపంచంలో అత్యంత ఎత్తైన అయిదు శిఖరాల్లో కె2 ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఒకే ప్రయాణంలో, ఒకే కిటికీలో చూసే వీలు మరో చోట ఉందనుకోను. ఎవరెస్టును పోల్చుకోవడం మాత్రం మొదటిసారి అనుకున్నంత సులువు కాదు. దగ్గరగా ఉన్న చిన్న శిఖరం దూరంగా ఉన్న పెద్ద శిఖరం కంటే ఎత్తుగా కనిపిస్తుంది. నలుపు ఎక్కువగా, మంచు తక్కువగా ఉన్న ఒక పిరమిడ్, దాని ముందు గోడలా నిలిచిన లోత్సే గట్టు, గాలి బలంగా ఉన్న రోజున కొన నుంచి జెండాలా పక్కకు చాచుకున్న మంచు పొగ, ఇవీ నేను పెట్టుకున్న ఆనవాళ్ళు.

అయితే నీడ పక్కే ఎప్పుడూ గొప్పదని నేను అనను. నదులూ చెరువులూ కాలువలూ నిండిన నేల మీదుగా పోతున్నప్పుడు ఎండ పక్క కిటికీకి సాటి లేదు. సూర్యుడి ప్రతిబింబం విమానంతో పాటు నేల మీద పరుగెత్తుతూ, అడవి అనుకున్న చోట దాగి ఉన్న ప్రతి నీటి మడుగునూ ఒక్కొక్క క్షణం వెలిగించి ఆర్పేస్తూ పోతుంది; మెలికలు తిరిగిన నది ఒకటి ఉన్నట్టుండి కరిగిన వెండిలా మెరిసి, మనం ఇంకొకరికి చూపించేలోపే మళ్ళీ మట్టి రంగులోకి జారుకుంటుంది. మంచు స్ఫటికాలున్న పలుచటి మబ్బు మీదుగా వెళ్తున్నప్పుడైతే, ఆ ప్రతిబింబమే మబ్బులో ఇంకో సూర్యుడిలా నిలబడి కొంతదూరం మన వెంట వస్తుంది.

నీడ పక్క కూర్చోవడానికి నాకున్న అసలు కారణం మాత్రం వేరే. సూర్యుడు మరీ నడినెత్తిన లేని వేళ, కింద మబ్బుల పరుపు పరుచుకుని ఉన్నప్పుడు, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున విమానం నీడ ఆ మబ్బు మీద పడుతుంది. ఆ నీడ చుట్టూ రంగుల వలయం ఒకటి, ఒక్కోసారి ఒకదాని చుట్టూ ఒకటిగా రెండు మూడు వలయాలు, లోపల నీలి ఛాయ, అంచున ఎరుపు, ఇంద్రధనుస్సును చిన్న గుండ్రటి గాజులా చుట్టినట్టు కనిపిస్తాయి. దీన్ని గ్లోరీ అంటారు. మబ్బులోని సన్నటి నీటి బిందువులు వెలుగును వచ్చిన దారినే వెనక్కి తిప్పి పంపడం వల్ల ఇది ఏర్పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు మబ్బు చాలా దగ్గరగా ఉండడంతో నీడలో రెక్కలూ తోకా స్పష్టంగా తెలిశాయి. వలయం మధ్యబిందువు మాత్రం విమానం నడుమ కాకుండా, రెక్కకు కాస్త ముందు ఒక చోట పడింది. అది ఎందుకలా ఉందో అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. వలయానికి కేంద్రం చూసేవారి కంటికి సూర్యుడి నుంచి సరిగ్గా ఎదురుగా ఉండే బిందువు. అంటే ఆ నీడలో నా తల ఎక్కడ ఉందో వలయం అక్కడే ఉంది. ఆరో వరుసలో కూర్చున్న నాకు ఆరో వరుస దగ్గర, ఇరవై అయిదో వరుసలో ఉన్నవారికి తోక దగ్గర, ఎవరి వలయం వారిదే. విమానం పైకి లేచే కొద్దీ నీడ మసకబారి, చివరికి కరిగిపోయి, ఉత్త రంగుల వలయం మాత్రమే మబ్బు మీద జారుతూ మిగిలింది.

విమానాలు రాకముందు ఇది కొండలెక్కేవారికే దక్కిన దృశ్యం. స్కాట్లాండ్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ 1894లో బెన్ నెవిస్ పర్వతం మీది వాతావరణ పరిశీలనశాలలో కొన్నాళ్ళు గడిపినప్పుడు ఈ వలయాలను చూసి ముచ్చటపడి, వాటిని ప్రయోగశాలలో తయారుచేయాలని మబ్బును గాజు పాత్రలో సృష్టించే ప్రయత్నం మొదలుపెట్టాడు. అది చివరికి కణాల జాడలను కంటికి చూపించే క్లౌడ్ చాంబర్‌గా మారి, 1927లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి, కింద మబ్బు కమ్మేసిందని పక్కవాళ్ళు తెర దించేసుకుంటున్నప్పుడు నేను మాత్రం సూర్యుడికి ఎదురు దిక్కును వెతుక్కుంటాను.

ఇక దారి సంగతి. గోడ మీద పటం చూసి విమానం దారిని ఊహించుకుంటే తప్పకుండా మోసపోతాం. లండన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు చదునైన పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి అమెరికా మధ్యభాగం మీదుగా పోతుంది. గ్లోబు మీద అవే రెండు చోట్ల మధ్య దారం బిగించి లాగితే, ఆ దారం ఉత్తరానికి ఎగబాకి గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం మీదుగా పోతుంది; అదే దగ్గరి దారి, విమానం వెళ్ళేదీ దాదాపు ఆ దారినే. ఆ ప్రయాణం సాధారణంగా పగటి వేళ జరుగుతుంది, సూర్యుడు ఎడమవైపు ఉంటాడు, గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమి కుడివైపు ఉంటుంది. కాగితం మీది రెండు చుక్కలూ ఎదురెదురుగా పడిన దారుల్లో ఇదొకటి. సముద్రంలోకి దిగిన హిమానీనదాల కొసలు, వాటి నుంచి విరిగి నీలిరంగు నీళ్ళలో పంచదార పలుకుల్లా చెదిరిన మంచుగడ్డలు, ఆ పంచదార పలుకుల్లో ఒక్కొక్కటి ఒక భవనమంత ఉంటుందన్న ఊహ, ఇవన్నీ కుడి కిటికీవారికే. తిరుగు ప్రయాణం ఎక్కువగా రాత్రిపూట ఉంటుంది. తూర్పుకు పోయే విమానాలు, చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీస్తూ వెనుక నుంచి నెట్టే జెట్ స్ట్రీమ్ గాలి కోసం తరచు మరింత దక్షిణంగా జరుగుతాయి కూడా. అప్పుడు ఉత్తర దిక్కు ఎడమచేతి వైపు ఉంటుంది కాబట్టి, ధ్రువకాంతులు చూడాలన్న ఆశ ఉంటే ఎడమ కిటికీ తీసుకోవాలి. పైన లైట్లు ఆర్పాక, తలనూ అద్దాన్నీ కలిపి దుప్పటితో కప్పుకుని, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా పది నిమిషాలు ఓపిక పట్టాలి. మొదట అది సన్నటి మబ్బుచారలా బూడిదరంగులోనే ఉంటుంది, ఆకుపచ్చదనం తర్వాత తెలుస్తుంది.

సూర్యాస్తమయాన్ని సాగదీసుకోవాలన్న కోరిక ఉన్నవారికి కూడా ఈ ఉత్తరపు దారులు అనువైనవి. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంటుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది సగానికి, అంటే దాదాపు 835 కిలోమీటర్లకు పడిపోతుంది. మామూలు ప్రయాణికుల విమానం వేగం కూడా ఇంచుమించు అంతే. కనుక అక్కడ పడమరకు ఎగురుతున్నవారికి సూర్యుడు దిగంతం మీద అతుక్కుపోయినట్టు గంటల తరబడి అలాగే ఉంటాడు. తూర్పుకు ఎగిరేవారికి చీకటి ఎదురొచ్చి మీద పడుతుంది. అలాంటప్పుడు అస్తమించే దిక్కున కాకుండా దానికి ఎదుటి దిక్కున కూర్చున్నవారు, దిగంతం నుంచి పైకి లేస్తున్న ముదురు నీలిరంగు పట్టీని, దాని మీద పరుచుకున్న గులాబీరంగు పట్టీని చూడవచ్చు. ఆ నీలి పట్టీ గాలి మీద పడుతున్న భూమి నీడ. నా మటుకు నాకు సూర్యబింబం కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

దారిని ఊహించుకోవడంతోనే సరిపెట్టుకోనక్కర లేదు. విమానాల దారులు చూపించే ఫ్లైట్‌రాడార్24 వంటి వెబ్‌సైట్లలో, మనం ఎక్కబోయే విమానం నంబరు కొడితే గత కొన్ని రోజుల్లో అది ఏ దారిన పోయిందో గీతలు కనిపిస్తాయి. నాలుగు రోజుల గీతలు ఒకదాని మీద ఒకటి పడితే దారి నమ్మకమైనదని అర్థం. చెల్లాచెదురుగా ఉంటే గాలినో రద్దీనో బట్టి మారుతుందని అర్థం. ఎక్కువగా మారేది చివరి పదిహేను నిమిషాలే. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి, ఒకే రన్‌వే మీద ఒక రోజు తూర్పు నుంచి, ఇంకో రోజు పడమర నుంచి దిగవచ్చు. లండన్ హీత్రోలో పడమటి గాలి వీస్తున్న రోజుల్లో, అంటే ఏడాదిలో ఎక్కువ భాగం, విమానాలు తూర్పు నుంచి నగరం మీదుగా వస్తాయి. అప్పుడు కుడి కిటికీలోంచి థేమ్స్ నది మెలికలు, వంతెనలు, పార్లమెంటు భవనం ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి. తూర్పు గాలి ఉన్న రోజున అదే సీటులో కూర్చున్నవారికి ఆ నగర దర్శనం దక్కదు. రన్‌వే మీద రాసి ఉండే అంకెలు కూడా దిక్కులే: 27 అంటే 270 డిగ్రీలు, అంటే పడమర ముఖం, 09 అంటే తూర్పు ముఖం. బయలుదేరే రోజు గమ్యంలో గాలి ఎటు వీస్తోందో చూసుకుంటే సగం సంగతి తెలిసిపోతుంది. ఈ చివరి పదిహేను నిమిషాలకు ఇంత విలువ ఎందుకంటే, 35 వేల అడుగుల ఎత్తులో దిగంతం దాదాపు 370 కిలోమీటర్ల దూరంలో ఉన్నా నేల మీది వివరాలు మనకు అందవు. పొలాల గట్లు, రైలు పట్టాల మీద పాకుతున్న రైలు, ఈత కొలను నీలం, ఇవన్నీ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు మాత్రమే దొరికేవి.

వరుస విషయం త్వరగా చెప్పేస్తాను. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 వంటి విమానాల్లో సుమారు పదో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా రెక్క కిందిచూపును మింగేస్తుంది. రెక్కకు ముందున్న వరుసలు అన్నిటికంటే మంచివి. రెక్కకు బాగా వెనుక ఉన్నవి రెండో ఎంపిక. అక్కడి నుంచి రెక్క వంపు కూడా చట్రంలోకి వచ్చి దృశ్యానికి ఒక కొలత ఇస్తుంది, కాకపోతే ఇంజిన్ నుంచి వచ్చే వేడిగాలి కింది దృశ్యాన్ని ఎండమావిలా వణికిస్తుంటుంది. ఏటీఆర్ 72 వంటి ప్రొపెల్లర్ విమానాల్లో రెక్క తలమీద ఉంటుంది కనుక కిందికి చూడడానికి అది అడ్డే కాదు. ముందు భాగంలో ఇంజినూ ప్రొపెల్లరూ అడ్డం వస్తాయి కాబట్టి వెనుక వరుసలు నయం. ఆ విమానాలు తక్కువ ఎత్తులో, నిదానంగా పోతాయి కూడా. తొందర లేనివారికి అంతకంటే మంచి కిటికీ లేదని నా అభిప్రాయం. రెక్క మీద సీటే దక్కితే నిరాశ పడాల్సిన పని లేదు: దిగేటప్పుడు రెక్క వెనుక అంచు పొరలు పొరలుగా విచ్చుకుని కిందికి వంగడం, నేల తాకగానే పైన పలకలు లేచి నిలబడడం, తేమ ఎక్కువగా ఉన్న రోజున రెక్క మీద తెల్లటి ఆవిరి పుట్టి మాయమవడం, ఇవన్నీ తీరిగ్గా చూడదగినవే.

ఇంత నేర్చుకున్నాక కూడా ఒకసారి దెబ్బతిన్నాను. దిక్కు, సూర్యుడు, రెక్క అన్నీ సరిచూసుకుని, రెక్కకు కాస్త ముందున్న వరుసలో ఎడమ సీటు తీసుకుని వెళ్ళి కూర్చుంటే, నా పక్కన ఉన్నది కిటికీ కాదు, గోడ. ముందు వరుసవారి కిటికీ కొస, వెనుక వరుసవారి కిటికీ కొస, నడుమ నున్నటి ప్లాస్టిక్ పలక. కొన్ని రకాల విమానాల్లో కింది నుంచి పైకప్పుకు చల్లగాలి తీసుకెళ్ళే గొట్టాలు ఆ గోడలోంచి పోతాయి, అందుకని అక్కడ కిటికీ పెట్టరు. మామూలు వరుసల్లో కూడా కిటికీ సరిగ్గా భుజం పక్కన ఉంటుందన్న హామీ లేదు. విమానపు పక్కటెముకల వంటి చట్రాలు సుమారు 20 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి, కిటికీలు వాటి నడుమ మాత్రమే పెట్టగలరు. సీట్లు మాత్రం పట్టాల మీద జరుపుకునేవి, వాటి మధ్య దూరం 28 నుంచి 32 అంగుళాల దాకా విమాన సంస్థ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండు కొలతలూ కలిస్తే అదృష్టం, కలవకపోతే మెడనొప్పి. అప్పటి నుంచి ఆ రకం విమానపు సీట్ల పటాన్ని చూడడమే కాక, అదే సీటు నుంచి ఎవరైనా తీసిన ఫొటో దొరుకుతుందేమోనని కూడా వెతుకుతున్నాను.

కిటికీని కూడా ఒకసారి దగ్గరగా చూడండి. అది ఒక అద్దం కాదు, మూడు పొరలు. గాజు కూడా కాదు, అక్రిలిక్ అనే ఒక రకం గట్టి ప్లాస్టిక్. లోపలి ఒత్తిడినంతా మోసేది బయటి పొర. మధ్య పొరలో, కింది అంచుకు దగ్గరగా, గుండుసూది తలంత రంధ్రం ఒకటి ఉంటుంది. మధ్య ఖాళీలోని ఒత్తిడిని క్యాబిన్‌తో సమం చేయడానికీ, తేమ పోవడానికీ దాన్ని పెడతారు. బయట మైనస్ 54 డిగ్రీల చలి ఉన్నప్పుడు ఆ రంధ్రం చుట్టూ మంచు సూదులు ఒక్కొక్కటిగా మొలిచి, గంటలో చిన్న చామంతి పువ్వంత అవుతాయి. మూడోది మనం ముట్టుకునే పొర, అన్ని గీతలూ, మనకంటే ముందు నిద్రపోయినవారి నుదుటి జిడ్డు మరకలూ దాని మీదే ఉంటాయి. మెత్తటి గుడ్డ ముక్క ఒకటి జేబులో ఉంచుకుంటే సగం సమస్య తీరుతుంది. పోలరైజ్డ్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే ఆ అక్రిలిక్ మీద నూనె తెట్టు లాంటి రంగుల చారలు కనిపిస్తాయి. దృశ్యం చూడాలనుకుంటే అవి తీసేయడమే మేలు. బోయింగ్ 787లో కిటికీ 47 సెంటీమీటర్ల ఎత్తు, 27 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి మెడ వంచకుండానే దిగంతం కనిపిస్తుంది. దానికి లాగే తెర బదులు మీట నొక్కితే రంగు ముదిరే అద్దం ఉంటుంది. సిబ్బంది వాటన్నిటినీ ఒకేసారి నల్లబరచగలరన్నది మాత్రం నాకు నచ్చని సంగతి.

ఫొటోల గురించి నాకు తెలిసింది తక్కువే: కెమెరాను అద్దానికి ఆనించకూడదు, ఇంజిన్ వణుకు అందులోకి వస్తుంది, వేలెడు దూరంలో పెట్టి చుట్టూ ముదురురంగు గుడ్డ అడ్డం పెడితే లోపలి ప్రతిబింబాలు పోతాయి, ఫ్లాష్ వెలిగితే ఫొటోలో మిగిలేది ఫ్లాషే. సమయం విషయంలో మాత్రం నిక్కచ్చిగా ఉంటాను. మధ్యాహ్నానికి నేల వేడెక్కి కొండల చుట్టూ మబ్బులు లేస్తాయి కాబట్టి, కొండలు చూడాలంటే ఉదయపు విమానమే ఎక్కాలి. హిమాలయాలకైతే వానలు వెనుదిరిగిన అక్టోబరు, నవంబరు నెలలు.

అలాంటి ఒక అక్టోబరు ఉదయం మళ్ళీ కాఠ్మండూ నుంచి ఢిల్లీకి వస్తూ, ఈసారి కుడివైపు 7ఎఫ్‌లో కూర్చున్నాను. వెనుక ఎవరెస్టు వైపు కొండలు బంగారు రంగు వదిలి తెల్లబడుతున్నాయి, కింద లోయల్లో పొగమంచు పాలు పోసినట్టు నిలిచి ఉంది. మనాస్లు వచ్చేసరికి నడవ అవతల, ఎడమ కిటికీ దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకరు సీటులోంచి సగం లేచి, మా భుజాల సందుల్లోంచి ఇటువైపు చూడడానికి అవస్థ పడుతున్నారు. చేతిలో ఫోన్ ఉంది, దాని తెర మీద వెళ్ళేటప్పుడు ఎడమ కిటికీలోంచి తీసుకున్న కొండల ఫొటో ఉంది. సీటు బెల్టు దీపం ఆరి ఉండడంతో, "మీరు ఇక్కడ కూర్చోండి, అన్నపూర్ణ ఇప్పుడే వస్తుంది" అని లేచి చోటిచ్చాను. ధవళగిరి దాటేదాకా ఆయన సీటులో కూర్చుని, ఎడమ కిటికీలోంచి, పొగమంచు కింద గంగా మైదానంలో ఎక్కడో ఒక నది ఎండకు ఒక్కసారి మెరిసి ఆరిపోవడం చూశాను.